చెవి నర్సింలుకు నేను చేర్చిన అక్షరం

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నన్ను నేను గౌరవించుకోవడమే. బరువు మోసేవాణ్ని చూస్తే ఎవరికైనా అయ్యో అనిపిస్తుంది. నన్ను చూసి అయ్యో అనాల్సిన పని లేదు. ఇది ఒంటికి పట్టిన జిడ్డు. ఎంత తోమినా పోవడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను. ముఖం తెలిసిన వాళ్ల ముందు నోరు విప్పే దమ్ము నాకు లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

నా చెవులు బాగున్నాయి. మీకు ఇది మామూలు మాట. నాకు కాదు. యాభైకి దగ్గర పడ్డాను. అయినా వంటింట్లో గ్యాస్ సన్నగా లీకవుతుంటే ఆ బుస ముందు గదిలోంచే వినగలను. దోమ ఏ చెవి పక్కకు వచ్చిందో చెప్పగలను. మా ఇంట్లో వాళ్లు నా చెవులను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా లేచి బయటికి పోతాను.

గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. మా అక్కను ఇచ్చింది కూడా మగ్గాల ఇంటికే, రెండు వీధుల అవతల. మా బావను ఇక్కడ నర్సింలు అంటాను. అసలు పేరు అది కాదు. రాజోలి దాకా ఏ మగ్గం దగ్గర అడిగినా ఉత్త పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు కాదు, "చెవి నర్సింలు" అంటేనే గుర్తుపట్టేవాళ్లు. మగ్గం మీద అంచు డిజైను దించే జాకార్డు పెట్టె ఉంటుంది. అందులో వందల కొక్కేలు. ఒక్క కొక్కెం సరిగ్గా లేవకపోతే అంచులో పువ్వు రేక తప్పుతుంది. మామూలు వాళ్లం బట్ట మీద తప్పు కనబడ్డాక వెతుక్కుంటాం. మా బావ గడప దాటేవాడే కాదు. బయట చెప్పులు విడుస్తూనే, లోపల ఆడుతున్న మగ్గం చప్పుడు విని, "కుడి అంచు దిక్కు ఒక కొక్కెం లేస్తలేదమ్మా, ఆపు" అనేవాడు. పెట్టె విప్పి చూస్తే అదే.

మా నాయన నలభై ఏళ్లు నేసిన మనిషి. ఎవర్నీ పొగిడే అలవాటు లేదు. ఆయన నలుగురిలో అన్న మాట ఒకటుంది. నా కొడుక్కి చేతులున్నాయి, అల్లుడికి చెవులున్నాయి అని. అందులో నన్ను తక్కువ చేసిందేమీ లేదు. అయినా ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఎందుకు దిగింది? బావ నాకు పని నేర్పాడు. తన వెంట తిప్పుకున్నాడు. నా పెళ్లికి నాకంటే ఎక్కువ తిరిగాడు. అలాంటి మనిషి మీద ఈర్ష్య పుట్టడానికి కారణం ఏముంటుంది? వెతికితే ఒక్కటే దొరుకుతుంది. ఆయనకు ఉన్నది నాకు లేదు.

మేమిద్దరం ఒకే సేటు దగ్గర పనిచేసేవాళ్లం. ఊళ్లల్లో నేతగాళ్లకు నూలు, పట్టు చేర్చడం, మగ్గాలు మొరాయిస్తే బాగుచేయడం, నేసిన చీరలు తెచ్చి వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల్లో ఇవ్వడం. ఎవరి బండి వారిదే. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, అక్కడ హైవే ఎక్కి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి పెబ్బేరు, ఆ తర్వాత వనపర్తి. రోజూ ఇదే తోవ. పోలీసులు చౌరస్తాలో ఆపడం మొదలుపెట్టాక ఇద్దరం ఒకే రోజు, రోడ్డు పక్క ఒకే కుప్పలోంచి హెల్మెట్లు కొన్నాం. బిగుతుగా ఉంటే తల నొస్తుందని ఒక సైజు పెద్దవే తీసుకున్నాం. తప్పు అక్కడే మొదలైంది. అప్పుడు ఇద్దరికీ తెలియదు.

వదులు హెల్మెట్ పెట్టుకుని హైవే మీద పోయినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గాలి గడ్డం కింద నుంచి దూరి చెవుల దగ్గర తిరుగుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత లాంటిది, గంటల తరబడి, తలకాయ లోపలే. బీచుపల్లి వంతెన మీద మరీ ఘోరం. దిగిన తర్వాత కూడా చాలాసేపు లోకమంతా దూరంగా వినబడేది. నేను దాన్ని లెక్కచేయలేదు. బావకు మాత్రం చెవులే బతుకు. మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఇంటికి పోయాక కూడా చెవుల్లో సన్నగా గుయ్‌మంటోందని, మగ్గం చప్పుడు మసకగా ఉంటోందని పరేషాన్ అయ్యాడు. మెడకు తువాలు చుట్టి గడ్డం కింద సందు మూశాడు. కొంచెం తగ్గిందన్నాడు. సరిపోలేదన్నాడు.

ఇక చెప్పాల్సిన దగ్గరికి వచ్చాను. ఇక్కడి దాకా చేయి బాగానే నడిచింది.

ఎర్రవల్లి చౌరస్తాలో ఒకరోజు పొద్దున పెద్ద బండి మీద ఒకాయన ఆగిపోయి ఉన్నాడు. హైదరాబాద్ నుంచి అలంపూర్ గుళ్లు చూడటానికి పోతున్నాడట. బండి గొలుసు జారి ఇరుక్కుంది. బావ దిగి, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, గంటసేపు కుస్తీ పట్టి ఎక్కించాడు. నేను చాయ్ తాగుతూ నిలబడ్డాను. పని అయ్యాక బావ చేతుల గ్రీజు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయాడు. ఆ పెద్దమనిషి ఏమన్నా ఇవ్వబోతే బావ తీసుకోడని అప్పటికే అర్థమైంది. మా హెల్మెట్ల వైపు చూసి, బావ మెడకున్న తువాలు చూసి, సంచిలోంచి ఒక చిన్న ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టాడు. మెత్తటి స్పాంజి బిళ్లలు. చెవుల్లో పెట్టుకునేవి. నాలుగైదు జతలున్నాయి. ఎలా పెట్టుకోవాలో నాకు చేసి చూపించాడు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. ఊరికే అంచున పెడితే లాభం లేదు. గాలి మోత మాత్రమే తగ్గుతుంది, హారన్లూ మాటలూ ఇంకా తేటగా వినబడతాయి అన్నాడు. హెల్మెట్ చెంపలకు పట్టేలా ఉండాలి, ఇంత వదులుది వద్దు అని కూడా చెప్పాడు. ఇద్దరూ పెట్టుకోండి అన్నాడు. ఇద్దరూ అన్నాడు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను.

ఆయన పోయాడు. బావ చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏమిచ్చిండురా గాయన?"

"ఏమియ్యలే బావా. ఉత్తగ దండం పెట్టి పోయిండు."

"మంచిగైంది, ఇస్తే మల్లా కొట్లాట," అని నవ్వి బండి ఎక్కాడు.

ప్యాకెట్ నా అంగీ జేబులో ఉంది. గుండెకు తగులుతోంది. ఎందుకు అబద్ధమాడాను? ముందే అనుకున్నది కాదు, దేవుడి మీద ఒట్టు. నోటి నుంచి దానంతటదే వచ్చింది. సాయంత్రం ఇద్దామనుకున్నాను. సాయంత్రం ఇస్తే పొద్దున ఎందుకు దాచావంటాడేమోనని రేపు ఇద్దామనుకున్నాను. రేపటికి నేను పెట్టుకుని చూశాను. ఆ మోత పోయింది. బీచుపల్లి వంతెన మీద మొదటిసారి నా బండి ఇంజను చప్పుడు విడిగా వినబడింది. ఇంత హాయా అనిపించింది. అంత హాయిని అనుభవించి కూడా, పక్క బండి మీద తువాలు సర్దుకుంటూ వస్తున్న బావకు ఇవ్వాలనిపించలేదు. ఇవ్వాలనిపించకపోగా, ఆయన దగ్గర లేనిది ఇప్పుడు నా దగ్గర ఒకటుంది అని సంతోషం కలిగింది. సంతోషం అనే రాశాను. ఇంకో మాట వెతికాను, దొరకలేదు.

దాచడంలో ఆరితేరాను. బండి వైపు తిరిగి, హెల్మెట్ తల మీదికి తెస్తూ బిళ్లలు దూర్చేవాణ్ని. దిగాక చెమట తుడుచుకుంటున్నట్టు అరచేత్తో చెవులు మూసి లాగేసేవాణ్ని. ఆ పెద్దమనిషి ఇచ్చినవి అరిగిపోయాక వనపర్తిలో ఒక మందుల దుకాణంలో అడిగితే అవే దొరికాయి. ఎవరైనా కొనుక్కోగలిగే వస్తువు. అప్పుడైనా ఇంకో జత కొని, ఇవిగో బావా, కొత్తగా వచ్చాయట అనొచ్చు. నా అబద్ధం బయటపడకుండానే ఆయన చెవులు దక్కేవి. ఆ తెలివి నాకు రాలేదనుకుంటున్నారా? వచ్చింది. చాలాసార్లు వచ్చింది.

తర్వాత కొద్ది రోజులకు బావ తనంతట తాను ఒక ఉపాయం కనిపెట్టాడు. దూది. పెబ్బేరులో చాయ్ హోటల్ ముందు ఆగి హెల్మెట్ తీస్తే, రెండు చెవుల్లోంచి తెల్లగా దూది బయటికి కనబడుతోంది. అక్కడ మాకు తెలిసిన డ్రైవర్లు, ఇద్దరు నేతగాళ్లు, హోటలాయన ఉన్నారు. మా వైపు చెవుల్లో, ముక్కుల్లో దూది ఎవరికి పెడతారో మీకు తెలుసు. పాడె మీద పడుకోబెట్టాక పెడతారు.

"ఏంది బావా గిది?" అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. "పీనుగకు పెట్టినట్టు పెట్టుకొచ్చినవ్. ముక్కులల్ల గూడ పెట్టుకో, నలుగురం ఉన్నం, ఇటుకెల్లి ఇటే మోసుకపోతం."

అందరూ ఘొల్లుమన్నారు. బావ కూడా నవ్వబోయాడు. "గాలి సప్పుడుకు తలకాయ పగుల్తుందిరా. నీకు గట్ల గాదా?"

"నేను నీ తోవల్నే తిరుగుతున్న గదా. గదే బండి, గదే టోపి. నాకేమైంది? చూడు."

అని తల పక్కకు తిప్పి నా చెవి చూపించాను. ఖాళీ చెవి. రెండు నిమిషాల ముందే అందులోంచి తీసిన బిళ్ల నా పిడికిట్లో ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

ఆ పిడికిలి గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం చీరలు ఇవ్వడానికి అక్క ఇంటికి పోయి, బావ లేనప్పుడు అక్కకు కూడా చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. అక్క నవ్వలేదు. దాని చెయ్యి మెడలో పుస్తెల మీదికి పోయింది. బావ రాగానే జేబులు వెతికి దూది తీసి పొయ్యిలో వేసింది. "నేను బతికుండంగ నీ చెవులల్ల దూది సూడలేను. ఇంకోపారి పెట్టుకుంటే నా మీద ఒట్టే," అని ఏడ్చింది. బావ ఆ ఒట్టు దాటలేదు. దూదే కాదు, ఆ తర్వాత చెవిలో ఏదీ పెట్టుకోలేదు. చెవిలో ఏదైనా పెట్టుకోవడం అంటేనే మా ఇంట్లో చావు మాట అయిపోయింది. అలా చేసింది నేను.

బావ మాత్రం నన్ను చూసి ఆశ్చర్యపోయేవాడు. పక్కపక్కన బండ్ల మీద పోతూ ఆయన ఏదైనా అరిస్తే నాకు తేటగా వినబడేది, నేను జవాబు చెబితే ఆయనకు వినబడేది కాదు. "నీ చెవులు గట్టివిరా, పుట్టుకల్నే ఉన్నది," అనేవాడు. ఎవరికైనా అదే చెప్పేవాడు. ఎన్నాళ్లు ఎదురుచూశానో ఆ మాట కోసం. ఆయన నోటి నుంచే వచ్చింది. ఇలా.

నాలుగైదేళ్లు పట్టింది. ముందు సన్న చప్పుళ్లు పోయాయి. ఫోన్ మోగితే చూసుకునేవాడు కాదు. ఆడవాళ్లు మాట్లాడితే మళ్లీ అడిగేవాడు. గడప బయట నిలబడి చెప్పడం మానేసి, మగ్గం పక్కకు పోయి, పెట్టెకు చెవి ఆనించి వినేవాడు. ఒకసారి రాజోలిలో ఒకావిడ మగ్గం బాగుచేసి, అంతా సరిగ్గా ఉందని చెప్పి వచ్చాడు. లేదు. ఒక కొక్కెం తప్పుతూనే ఉంది. ఆమె నమ్మి నేసుకుంటూ పోయింది, ఎందుకంటే చెప్పింది చెవి నర్సింలు. సగం చీర నేశాక అంచు పొడవునా పువ్వులన్నీ ఒక రేక లేకుండా ఉన్నాయని చూసుకుంది. నెల రోజుల పని పాడైంది. సేటు మగ్గాల బాగు పని ఆ వారం నుంచి నాకు అప్పగించాడు.

నేను తీసుకున్నాను.

ఊళ్లు పేర్లు మార్చడంలో ఆలస్యం చేయవు. చెవి నర్సింలు చెవిటి నర్సింలు అయ్యాడు. మధ్యలో ఒకే ఒక్క అక్షరం చేరింది. జనం నవ్వుతూ అనేవాళ్లు, మొదట్లో బావ కూడా నవ్వేవాడు, వినబడక. ఆ అక్షరం ఎవరు చేర్చారో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

మహబూబ్‌నగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఎంత మంచి బామ్మర్దో చూడండి. ఒక చిన్న గదిలో బావను కూర్చోబెట్టి, చెవులకు గొట్టాలు పెట్టి, చప్పుడు వినబడితే మీట నొక్కమన్నారు. నేను అద్దం బయట నిలబడ్డాను. లోపల బావ మీట మీద వేలు పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా శ్రద్ధగా, వింటున్నాడు. బయట పరీక్ష చేసే అమ్మాయి మిషన్ మీద చప్పుడు పెంచుతూ పోతోంది. ఇంకా పెంచింది. ఇంకా పెంచింది. ఆ వేలు కదల్లేదు.

మగ్గాల మోత, గాలి మోత రెండూ కలిసి చెడగొట్టాయి, గాలిదే ఎక్కువై ఉంటుంది, పోయింది ఇక తిరిగి రాదు అన్నాడు డాక్టరు. చెవుల్లో ఏమైనా పెట్టుకునేవాళ్లా అని అడిగాడు. ఒకసారి దూది పెట్టుకున్నాను సార్, మావాళ్లు పీనుగలా ఉందని నవ్వారు, తీసేశాను అని బావ చెప్పాడు. నా పేరు చెప్పలేదు. దూదితో పెద్దగా లాభం ఉండేది కాదులే, దానికి వేరే బిళ్లలుంటాయి అన్నాడు డాక్టరు.

అప్పుడు నాలో ఏం జరిగిందో చెప్పాలి, లేకపోతే ఈ రాతంతా దండగ. నాకు ఊపిరి వచ్చింది. దూదితో లాభం లేదట! అయితే నేను నవ్వడం వల్ల పోయిందేమీ లేదు! అక్కడే, ఆ గదిలోనే, నన్ను నేను నిర్దోషిగా వదిలేసుకున్నాను. ఇంటికి వచ్చేదాకా ఆ సుఖం నిలిచింది. దూదిని చూసి నేను నవ్వకపోతే ఆయన దూదితో ఆగేవాడా? పనిచేయడం లేదని ఇంకోటి వెతికేవాడు. తన చెవుల కోసం మెడకు తువాలు చుట్టిన మనిషి, దూది దాకా వచ్చిన మనిషి, ఇంకో అడుగు వేస్తే ఆ బిళ్లల దాకా వచ్చేవాడు. నేను ఆ అడుగు మీద కాలు పెట్టి నిలబడ్డాను. పైగా ఆ వస్తువు ఆయనదే. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని సంపాదించుకున్నది. డాక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు కూడా నా జేబులో ఒక జత ఉంది.

ఇప్పుడు బావ బండి నడపడు. ఇంట్లోనే నేస్తాడు. చెవికి మిషన్ ఉంది కానీ మగ్గం ముందు పెట్టుకుంటే అంతా ఒకటే రొద అంటాడు, తీసేస్తాడు. మా అక్క రోజంతా అరుస్తుంది. అన్నం తిను అని అరుస్తుంది, ఎవరో వచ్చారు అని అరుస్తుంది. వీధిలో కొత్తగా వచ్చినవాళ్లు ఆలుమగలు కొట్లాడుకుంటారని అనుకుంటారు. దాని గొంతు పాడైపోయింది. ఒకప్పుడు మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ సన్నగా మాట్లాడేది, ఆయన మగ్గం ఆపకుండానే వినేవాడు.

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం చెప్పేద్దామని పోయాను. అక్క బజారుకు పోయింది. బావ మగ్గం మీద ఉన్నాడు, మిషన్ గూట్లో ఉంది. నేను చూశాను, గూట్లో ఉందని. చూసే మొదలుపెట్టాను. ఎర్రవల్లి నుంచి మొదలుపెట్టి పిడికిలి దాకా, అక్క దాకా, డాక్టరు దాకా అంతా చెప్పాను. ఏడుపు కూడా వచ్చింది. బావ చేతులు ఆపి నా ముఖం వైపే చూస్తున్నాడు. పెదాలు చూసి కొన్ని మాటలు పడతాడు గానీ ఇంత పొడుగు ముచ్చట పట్టలేడు. నాకు తెలుసు. అందుకే చెప్పగలిగాను. నేను ఆగాక మగ్గం గుంటలోంచి మెల్లగా లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"శానాసేపు మాట్లాడినవ్ రా. గొంతు ఎండినట్టున్నది, తాగు," అన్నాడు.

తాగాను. ఆయన గూట్లోంచి మిషన్ తీసి చెవికి తగిలించుకుని, నా పక్కన కూర్చుని, చెవి నా వైపు వంచాడు. "సమజ్ కాలే. గిప్పుడు చెప్పు."

కింది వీధి మగ్గానికి నూలు తక్కువ పడిందని చెప్పాను.

ఆయన నమ్మాడు. దానికి ఏడుస్తారా ఎవరన్నా అని వీపు తట్టాడు. ఆ చెయ్యి తగిలిన చోట చొక్కా ఒంటికి అంటుకుపోయినట్టు అనిపించింది. బయటికి వచ్చి బండి దగ్గర నిలబడి, జేబులోంచి బిళ్లలు తీసి, అలవాటుగా, నలిపి చెవుల్లో పెట్టుకున్నాను. అవును, ఆ రోజు కూడా. హైవే ఎక్కాల్సిన పని ఉంది మరి. నా చెవుల మీద నాకు అంత ప్రేమ.

ఆయన కళ్లు బాగానే ఉన్నాయి, చదవగలడు. ఈ కాగితాలు ఆయన చేతిలో పెట్టవచ్చు. పెడతానా? పెడతానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు, అందుకే రాయను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీ దగ్గర పోయిందేమీ లేదు కదా. రాస్తూ రాస్తూ గుండె కొంచెం తేలికపడింది. దాచి ఏం లాభం, పడింది. ఆయనకు ఒక్క చప్పుడు కూడా తిరిగి రాకుండానే నాకు తేలికపడటం చూస్తే నా మీద నాకు ఇంకా అసహ్యం వేస్తోంది. అయినా ఈ ఒక్క ముక్క ఇన్నేళ్లలో మొదటిసారి మిషన్ పెట్టుకున్న మనిషి ముందు చెప్పినట్టు గట్టిగా చెబుతాను. మా బావను చెవిటివాణ్ని చేసింది నేనే. రాశాను. కొట్టేయను.